దూకకుండా దిగడం

మా క్వార్టర్లో అత్తగారి మంచం ఎత్తు చూసి కొత్తవాళ్లు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. ఉన్న రెండు గదుల్లో సామాను ఎక్కడ సర్దాలో రైల్వే క్వార్టర్లలో బతికినవాళ్లకే తెలుసు. మంచం కోళ్ల కింద ఇటుకలు పేర్చి, ఆ కిందికి ట్రంకు పెట్టెలు, ఇత్తడి బిందెలు, బియ్యం డబ్బా తోసేస్తాం. అత్తగారు శ్రీకాకుళం నుంచి కొత్త కోడలిగా బిలాస్‌పూర్ వచ్చినప్పుడు పేర్చిన ఇటుకలట అవి. ఆ తర్వాత ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. ఆ ఎత్తే ఆవిడకి వరమైంది, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవగలరు. నేల మీద కూర్చోవడం ఏనాడో మానేశారు.

ఆ మంచం మీదికే చేరాడు మా కుక్క. బదిలీ అయి వెళ్లిపోతున్న ఒక ఆఫీసరుగారు పూలకుండీలతో పాటు మాకిచ్చేసిన డాష్‌హండ్. జానెడు కాళ్లు, బారెడు ఒళ్లు. "ఏటిది, కుక్కా, అప్పడాల కర్రా?" అన్నారు అత్తగారు మొదటిరోజు. వారం తిరక్కుండానే వాడు కాళ్ల దగ్గర పడుకోకపోతే ఆవిడకి కునుకు పట్టని స్థితికి వచ్చింది వ్యవహారం.

మా ఆయన లోకో పైలట్. గూడ్సు బండి మీద వెళితే ఎప్పుడొస్తారో ఆయనకే తెలీదు. వరండాలో ఆయన బూట్ల చప్పుడు వినపడగానే వీడు మంచం మీంచి ఒక్క దూకు దూకి, గుమ్మంలో వెనక కాళ్ల మీద నిలబడి ముందు కాళ్లు జోడించి నమస్తే పెట్టేవాడు. ఆ నమస్తే నేర్పింది మేమే. కాలనీలో ఎవరింటికి చుట్టాలొచ్చినా మా ఇంటికి తీసుకొచ్చి చూపించేవారు. మేం మురిసి ముక్కలయ్యేవాళ్లం.

ఒక పొద్దున అలాగే దూకి, కెవ్వుమని అరిచి, నడుం వంచుకుని నిలబడిపోయాడు. వెనక కాళ్లు తాగినవాడి కాళ్లలా తడబడ్డాయి. ఒళ్లో పెట్టుకుని ఆటోలో అర్పా నది దాటి, సర్కండాలో పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఆటో అతన్ని తిట్టాను. పాపం, అతను మెల్లగానే నడిపాడు.

డాక్టరమ్మ వాడి వీపు మీద మెడ నుంచి తోక దాకా వేలు నడిపిస్తూ హిందీలో చెప్పుకొచ్చారు. పూసకీ పూసకీ మధ్య మెత్తటి గుజ్జు ఉంటుందట. ఈ జాతిలో అది చిన్నవయసులోనే గట్టిపడిపోతుందట. ఒక చెడ్డ దూకుకి అది పొంగి నరాన్ని నొక్కిందంటే వెనక కాళ్లు పడిపోవచ్చు. ఈసారికి బెణుకే, కొన్ని వారాలు కదలనివ్వకండి, ఆ తర్వాత జన్మంతా దూకనివ్వకండి, నమస్తే అసలే వద్దు అన్నారు. బరువు పెరగకూడదు. మెడపట్టీ తీసేసి ఛాతీకి పట్టీ వెయ్యాలి. బాగయ్యాక నడక మాత్రం మానిపించకూడదు, నడిస్తేనే వీపు కండ గట్టిపడుతుంది.

వింటూనే ఉన్నాను గానీ నా కళ్లు ఆ వేలి వెంటే పోతున్నాయి. ఇంత సన్నటి ఎముకల వరస మీదా వీడు ఇన్నాళ్లూ అంత సంతోషాన్ని మోసింది! దణ్ణం పెట్టాలనిపించింది.

పట్టాలు బలహీనంగా ఉన్నచోట నెమ్మదిగా పొమ్మని డ్రైవర్లకి ముందే చెబుతారు. మా ఆయనకి అదే తట్టింది. "అచ్ఛా, అంటే వీడికి జన్మంతా కాషన్ ఆర్డరన్నమాట" అన్నారు.

వాడికి పెట్టే నెయ్యన్నం ఆగిపోయింది. దానికి అత్తగారు ఒక పూటంతా నాతో మాట్లాడలేదు. నున్నటి గచ్చు మీద గోనెసంచులు పరిచాం. చిక్కంతా మంచంతోనే. ఇటుకలు తీసేస్తే ఆవిడ లేవలేరు, ఉంచితే వీడు దూకుతాడు. వేరే పడుకోబెడితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు.

"తీసీండి ఇటుకలు" అన్నారు అత్తగారు.

తీశాం. మర్నాడు పొద్దున ఆవిడ లేవబోయి వెనక్కి కూలబడ్డారు, మళ్లీ లేవబోయి మళ్లీ కూలబడ్డారు. మా ఆయన చూడలేక ఇటుకలు మళ్లీ పెట్టేశారు. పాత చెక్కపెట్టె విప్పి ఒక వాలుబల్ల చేసి, గోనె చుట్టి మంచానికి ఆనించారు. గుమ్మం వైపు చోటు లేక అవతల, కిటికీ వైపు పెట్టారు.

వీడు దాని మీద కాలు పెడితే ఒట్టు. బతిమాలాను, తిట్టాను, నా వల్ల కాలేదు. అప్పుడు అత్తగారు మంచం కోడు పట్టుకుని, పళ్లు బిగబట్టి, ఆ బల్ల పక్కన నేల మీద కూర్చున్నారు. దేవుడి ముందు కూడా కుర్చీలోనే కూర్చునే మనిషి! క్యారట్ ముక్క చూపించి, "రా నాన్నా, మెల్లగా రా. నానున్నాను గదా" అన్నారు. రోజూ అదే వరస. ఆవిడని లేపడానికి నేనూ పక్కింటావిడా రెండు వైపులా పట్టుకోవాల్సి వచ్చేది.

వాడు ఎక్కడమూ దిగడమూ నేర్చాడు. కానీ క్యారట్ ముక్క వేరు, మా ఆయన బూట్ల చప్పుడు వేరు. ఆయన వచ్చే వేళకి ఎవరో ఒకరం వాడిని పట్టుకునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం ఆయన చెప్పకుండా వచ్చేశారు. నేను వంటింట్లో పోపు వేస్తున్నాను. చప్పుడు విని గరిటె పడేసి పరిగెత్తాను, కానీ నా అలికిడికే దూకేస్తాడేమోనని మధ్యలో ఆగిపోయాను. వాడు మంచం మీద, గుమ్మం వైపు అంచున ఉన్నాడు. ఒళ్లంతా వణుకుతోంది, తోక దుప్పటిని బాదుతోంది. అత్తగారు అవతల, వాలుబల్ల పక్కన నేల మీద, అందని దూరంలో ఉన్నారు. మా ఆయన డ్యూటీ పెట్టె చేత్తో పట్టుకుని గుమ్మంలో బొమ్మలా నిలబడిపోయారు. ఎవరం పిలవలేదు.

వాడు కిందికి చూశాడు. ఆయన్ని చూశాడు. గొంతులో సన్నగా మూలిగాడు. తర్వాత, తనకి కావలసిన మనిషికే వీపు తిప్పి, మంచం అవతలికి నడిచి, బల్ల మీద ఒక్కో అడుగే వేసుకుంటూ దిగి, మంచం చుట్టూ తిరిగి వచ్చాడు. అంత కోరికని అంత చిన్న ఒంట్లో ఎలా ఆపుకున్నాడో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

మా ఆయన పెట్టె వదిలేసి, యూనిఫాంతోనే నేల మీద బోర్లా పడుకున్నారు. వాడు నాలుగు కాళ్లూ నేల మీదే ఉంచి ఆయన మొహమంతా నాకాడు.

నాకు అప్పుడు గుర్తొచ్చి అత్తగారి దగ్గరికి వెళ్లి చంకల కింద చేతులు వెయ్యబోయాను. ఆవిడ నా చెయ్యి పక్కకి నెట్టేశారు.

"నాకేటి తొందర? ఉండనీ, ఇక్కడి నుంచి ఆడు బాగా కనిపిస్తన్నాడు."