ఖర్జూరపు తోటలో విమానానికి పంపు

అరబ్బు దేశపు తీరాన, బర్కాలో ఒక ఖర్జూరపు తోట. ఆ తోట మధ్య రేకుల షెడ్డులో తెల్లటి చిన్న విమానం నిద్రపోతున్నట్టు ఉండేది. తోట యజమాని, మేమంతా అర్బాబ్ అని పిలిచే పెద్దాయన, ఉద్యోగం మానేశాక దాన్ని సొంత చేతులతో కట్టుకున్నాడు. రెక్కల్లోని పెట్రోలును పైకి తోడి ఇంజనుకు అందించే పంపు పాడైతే, వాడి కబీర్ అనే పేటలో కార్లు బాగుచేసే నన్ను పిలిపించాడు.

బల్లమీద రెండు కొత్త పంపులు పెట్టి, "ఏది మంచిది, భాయ్?" అని హిందీలో అడిగాడు.

నేను పెద్దది తీశాను. కార్లలో అలాంటివి ఎన్నో బిగించాను. ఆకాశంలో ఆగకూడదంటే గట్టిది ఉండాలి కదా అనుకున్నాను.

బిగించి, ఇంజను తిప్పకుండా పంపు ఒక్కటే నడిపాం. టీ తెచ్చిన వంటమనిషి, కడప ఆవిడ, గుమ్మంలోనే ఆగిపోయింది.

"అన్నా, కింద ఏందో కారతాండాది సూడు."

కార్బురేటరు పొంగి పెట్రోలు బొట్లుబొట్లుగా పడుతోంది. వెంటనే స్విచ్చి ఆపాను. అప్పుడు గానీ ఇంజను పుస్తకం తెరవలేదు. ఆ ఇంజనుకు కావలసింది మెల్లగా తోసే పంపు. నేను పెట్టినది దానికి పదింతల జోరుతో తోస్తుంది.

"తప్పు నాదే, అర్బాబ్," అన్నాను.

"మాఫీ ముష్కిల్, ఏం ఫరవాలేదు. నేలమీదే తెలిసింది," అన్నాడాయన.

రెండోది నా అరచేతిలో ఇమిడిపోయింది. ఈసారి పుస్తకంతో సరిచూసుకునే బిగించాను. విమానం పైకి ఎగిసేటప్పుడు ఎలా ఉంటుందో అలా ముందుచక్రం కింద దిమ్మలు పెట్టి ముక్కు ఎత్తాం. కార్బురేటరు నుంచి విప్పిన గొట్టం కింద వంటావిడ లీటరు జగ్గు పట్టింది. అర్బాబ్ గడియారం చూశాడు. నిమిషంలో పడిన పెట్రోలు, ఇంజను పూర్తి జోరులో తాగేదానికి రెండింతలుంది. గొట్టం మళ్లీ తగిలించి నడిపితే కార్బురేటరు పొడిగానే ఉంది.

"ఈ జగ్గు ఇంక నా వంటింట్లోకి రానీను," అందావిడ. ముగ్గురం నవ్వుకున్నాం.

అర్బాబ్ కొన్ని వారాలు ఒంటరిగా ఎగిరాడు. తర్వాత ఒక ఉదయం నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చక్రాల కింది గరగర ఉన్నట్టుండి ఆగిపోయింది. నేల ఎప్పుడు వదిలిందో తెలియలేదు. తోటలు పచ్చటి అతుకుల్లా జరిగిపోయాయి. సముద్రం మీది పొగమంచు పాలమీగడలా తేలుతోంది. మా విమానం నీడ దానిమీద ఈదుకుంటూ వెళ్తోంది. పదేళ్లుగా బస్సు కిటికీలోంచి చూసిన ఊళ్లే అవి. ఒక్కటీ గుర్తుపట్టలేకపోయాను. భయం వేస్తుందనుకున్నాను గానీ, చిన్నప్పుడు జ్వరం తగ్గిన ఉదయం ఒళ్లు తేలికైనట్టు అనిపించింది.

"దిగుదామా?" అని అడిగాడు.

"ఇంకాసేపు, అర్బాబ్," అన్నాను.

ఆయన తీరం వెంబడే పోనిచ్చాడు.