రెండో గేరు మేస్త్రి చెవి

పేటలో ఆయన్ని సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. రెండో గేరు మేస్త్రి అంటేనే తెలిసేది. బండి తాళాలు తిరిగి చేతిలో పెడుతూ ఎవరికైనా ఆయన చెప్పే మాట ఒక్కటే: "వాలులో రెండో గేరులో దిగు." మనిషి నడక కూడా రెండో గేరే. కొంప అంటుకున్నా పరుగెత్తే రకం కాదు. పెళ్ళయిన కొత్తలో అల్లుణ్ణి పక్కకు పిలిచి సంసారం గురించి కూడా అదే సలహా ఇచ్చాడని డ్రైవర్లు చెప్పుకుని పగలబడి నవ్వేవారు. అల్లుడు మాత్రం నవ్వేవాడు కాదు, అది నిజం కాబట్టి.

ఆ నవ్వులు ఇప్పుడు లేవు. ఆయన మెకానిక్ షెడ్డు రేకు తలుపు మూసే ఉంది. ఆయన కూతురు రోజూ పొద్దున అక్కడిదాకా వస్తుంది. తాళం చెవి చేతిలోనే ఉంటుంది కానీ తలుపు తీయదు, వచ్చిన దారినే వెళ్ళిపోతుంది.

మేస్త్రి సగం జీవితం సైన్యంలో గడిచింది. తుపాకీ పట్టింది తక్కువ, స్పానరు పట్టింది ఎక్కువ. కొండదారుల్లో సరుకు మోసే లారీలను బాగుచేసే దళం ఆయనది. అక్కడ ఒకసారి, తోటి మెకానిక్ బ్రేకులు సరిచేసి పంపిన లారీ మలుపులో నిలబడక మనుషులతో సహా లోయలోకి పోయింది. ఆ సమయానికి ఆ మెకానిక్ శిబిరంలో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. వార్త విన్నాక సగం గడ్డంతోనే పొద్దుగూకేదాకా తిరిగాడట, ఎవరూ అతనితో మాట్లాడలేదట. మర్నాడు పై అధికారి ఒక కట్టడి పెట్టాడు. బండి బాగుందని చెప్పినవాడే దాన్ని మొదట వాలు దించాలి, అదీ ఒంటరిగా. ఆ తర్వాత ఆ దళంలో ఎవడి చెయ్యీ తొందరపడలేదు.

సైన్యం నుంచి వచ్చేసి ఈ షెడ్డు పెట్టుకున్నాక కూడా మేస్త్రి ఆ కట్టడిని వదల్లేదు. ఎంత తెలిసినవాడి బండి అయినా సరే, నీళ్ళ ట్యాంకు పక్కనున్న వాలులో తానొక్కడే దించి, తిప్పుకొచ్చి, ఆ తర్వాతే తాళాలు ఇచ్చేవాడు. తొందరపెడితే "నీ ప్రాణం నీకు బరువేమో, నాకు కాదు" అనేవాడు.

సైన్యం ఆయనకు ఇంకొకటి కూడా అంటగట్టి పంపింది. ఫిరంగుల పక్కన పనిచేసిన చెవులవి. వయసు మీద పడేకొద్దీ వాటికి ఒక్కో చప్పుడే అందకుండా పోయింది. చివరికి భార్య గొంతు కూడా అందలేదు. ఆమె మంచం మీద ఆఖరిసారి ఏదో చెప్పినప్పుడు ఆయన తల ఊపాడు. ఏం చెప్పిందో ఆయనకు తెలియదని ఆ గదిలో ఉన్న కూతురికి ఒక్కదానికే అర్థమైంది. ఆయన అడిగి ఉంటే కూతురు చెప్పేదే. అడగలేదు.

చిక్కేమిటంటే ఆయన పేరు ప్రతిష్ఠలన్నీ ఆ చెవి మీదే నిలబడ్డాయి. చేతులు వణకడం మొదలయ్యాక స్పానరు మానేశాడు. విప్పడం, బిగించడం పక్క షెడ్డువాళ్ళు చేసేవారు. అంతా అయ్యాక బండి ఈయన ముందుకు వచ్చేది. ఇంజను నడుస్తుండగా పొడవాటి స్క్రూడ్రైవరు మొనను దాని మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి, కళ్ళు మూసుకుని వినేవాడు. లోపం ఉంటే ఎక్కడుందో వేలు పెట్టి చూపించేవాడు. డ్రైవర్లకు ఆ వేలంటే డాక్టరు మాట కన్నా గురి.

షెడ్డు ముందు స్పేరు పార్టుల కౌంటరు కూతురు చూసుకునేది. ఇంజన్ల చప్పుళ్ళ మధ్యే పెరిగిన పిల్ల, ఏది మామూలు చప్పుడో ఏది కాదో ఒకరు నేర్పనక్కర్లేదు. ఒకరోజు ఒక వ్యాను గేరుబాక్సు పళ్ళు నూరుతున్నట్టు గరగరలాడడం ఆమెకు కౌంటరు దాకా వినిపించింది. స్క్రూడ్రైవరు ఆనించుకున్న తండ్రి మాత్రం "బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు.

ఆమె చెప్పబోయింది కానీ చుట్టూ డ్రైవర్లున్నారు. వాళ్ళ ముందు ఆయన్ని చెవిటివాణ్ణి చేయడానికి మనసొప్పలేదు. ఏం చేయాలో తోచక, ఎడమ భుజం మీదున్న తుడుపు గుడ్డను తీసి కుడి భుజం మీద వేసుకుంది. కళ్ళు తెరిచిన తండ్రి ఆ గుడ్డను చూశాడు, ఆమె మొహం చూశాడు. "ఉండండి, ఇంకోసారి వింటాను" అన్నాడు.

అదే అలవాటైపోయింది. గుడ్డ భుజం మారితే బండిలో లోపం ఉన్నట్టు, మారకపోతే లేనట్టు. మారితే పక్క షెడ్డువాళ్ళ చేత మళ్ళీ విప్పించి లోపం వెతికించేవాడు. కూర్చుని మాట్లాడుకుని పెట్టుకున్న ఏర్పాటు కాదది. దాని గురించి తండ్రీకూతుళ్ళు ఏనాడూ నోరు విప్పలేదు. భోజనాల దగ్గర ఆయన "ఇవాళ భలే పట్టేశాను కదూ" అని గొప్పలు పోతే ఆమె తన పెదాలు ఆయనకు కనబడేలా తిరిగి "పట్టేశావు నాన్నా" అని ఇంకాస్త అన్నం వడ్డించేది.

పైకి అంతా సాఫీగానే సాగింది. లోపల ఆమెకు రోజూ ఒకటే భయం. జలుబు చేసి చెవులు దిబ్బడేసినా భయమే, రేకుల మీద వాన జోరుగా కురిసినా భయమే. తండ్రి బండెక్కి వాలు వైపు వెళ్ళినప్పుడల్లా కౌంటరు చెక్క పట్టుకుని నిలబడేది. తిరిగొచ్చే ఇంజను చప్పుడు విన్నాక గానీ వేళ్ళు వదులయ్యేవి కావు.

భర్తకు విషయం తెలుసు. ఒకనాడు సాయంత్రం అతను ఇక ఊరుకోలేకపోయాడు.

"నీకు వినపడని రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు వాలులో పోయేది మీ నాన్నే."

"అలాంటి మాటలు అనకండి."

"అనకపోతే ఆగుతుందా? నువ్వు చెప్పవు, ఆయన అడగడు. ఈ సైగలు మానెయ్. ఆయనంతట ఆయన నోరు తెరిచి అడిగేదాకా ఏమీ చెప్పకు. ఒక్కసారి అడిగాడంటే దాపరికం పోతుంది, ఆ స్క్రూడ్రైవరు కింద పెట్టేస్తాడు. మనిషి దక్కుతాడు."

ఆ మాట ఆమెకు సబబుగానే తోచింది. తండ్రి దక్కాలంటే ఆయన అడగాలి. అడిగించాలంటే తాను బిగబట్టుకోవాలి. అలా అనుకునే మర్నాడు కౌంటరు దగ్గర నిలబడింది.

ఆ పూట వచ్చింది మీసాల డ్రైవరు వ్యాను. పక్క షెడ్డులో వెనక చక్రాలకు కొత్త బేరింగులు వేశారు. వెనక భాగం పైకి లేపి, స్టాండ్ల మీద నిలబెట్టి, గేరులో వేసి చక్రాలు తిప్పుతున్నారు. తండ్రి గొంతుక్కూర్చుని ఇరుసు మీద స్క్రూడ్రైవరు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఆమెకు స్పష్టంగా వినిపించింది. కుడి చక్రం దగ్గర సన్నని మూలుగు, ఉండి ఉండి కటుక్కుమన్న చప్పుడు.

ఆయన కళ్ళు తెరిచి ఆమె వైపు చూశాడు. ఆమె చెయ్యి గుడ్డ దాకా వెళ్ళి ఆగిపోయింది. అడుగు నాన్నా, అనుకుంది. ఎలా ఉందమ్మా అని ఒక్క మాట అడుగు. ఆ చూపు తట్టుకోలేక తల దించుకుని, కౌంటరు మీదున్న నట్లను సర్దడం మొదలుపెట్టింది.

తన మౌనం ఆయన్ని అడిగిస్తుందని ఆమె అనుకుంది. ఆయనకు ఆ మౌనమే జవాబు. గుడ్డ కదలలేదు, కాబట్టి బండి బాగుంది. ఇంతకాలం ఆ గుడ్డ ఆయనకు అబద్ధం చెప్పలేదు.

ఆమె తలెత్తేసరికి బండి నేల మీదికి దిగింది, డోరు పడింది. తాను చేసిన పనేమిటో అప్పుడు తెలిసింది. "నాన్నా, ఆపు" అని అరుస్తూ రోడ్డు మీదికి పరుగెత్తింది. వీధి వీధంతా తిరిగి చూసింది, వినవలసినవాడు తప్ప. వ్యాను ట్యాంకు దగ్గర మలుపు తిరిగింది. రెండో గేరులోనే దిగుతోందని ఇంజను చప్పుడును బట్టి ఆమెకు తెలుస్తూనే ఉంది. కాసేపటికి ఆ చప్పుడు మారిపోయింది.

వెనక చక్రం ఊడింది. వాలు అడుగున కూరగాయల బళ్ళున్నాయి, జనం ఉన్నారు. బండి అదుపు తప్పుతుండగా ఆయన స్టీరింగును ట్యాంకు గోడకేసి తిప్పాడని చూసినవాళ్ళు చెప్పారు. ఇంకెవరికీ దెబ్బ తగల్లేదు.

కర్మకాండంతా అయ్యాక డ్రైవర్లు ఇంటికి వచ్చి కూర్చున్నారు. ఎవరో ఒకరు, "ఎన్నడూ తప్పని చెవమ్మా ఆయనది" అన్నారు. కూతురు అది భరించలేకపోయింది. అన్నాళ్ళు దాచిన మాట ఇక దాచి ప్రయోజనం లేదు.

"మీకు తెలియదు. నాన్నకు నాలుగేళ్ళుగా ఏమీ వినపడటం లేదు."

గదిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. మీసాల డ్రైవరు ఆమె వైపు తిరిగాడు.

"తెలుసు తల్లీ. మా అందరికీ తెలుసు. ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుంటే మేం నీ భుజం వైపు చూసేవాళ్ళం. పెద్దాయన, ఉన్నన్నాళ్ళు మర్యాదగా ఉండనిద్దామని ఎవరం బయటపడలేదు. నీ చెవి మీద నమ్మకంతోనే మా బళ్ళు ఇక్కడికి తెచ్చాం."

ద్వారం దగ్గర నిలబడ్డ భర్త తల వంచుకున్నాడు. డ్రైవరు బెదురుతున్నట్టుగా అడిగాడు.

"ఆ రోజు నీక్కూడా ఏమీ వినపడలేదా అమ్మా?"

అది తప్పు పట్టే గొంతు కాదు. ఆమె లేదంటే నమ్మడానికి ఆ గదిలో అందరూ సిద్ధంగా ఉన్నారు.

"వినపడింది" అంది.