పసుపు నిలవని గోడ

గట్టు దగ్గర మా అత్తగారి ఊళ్ళో పాత రాతి గుడి ఉంది. దాని దక్షిణపు గోడ మీద ఒక సగం చక్రం చెక్కి ఉంటుంది. నడుమ వేలు పట్టేంత రంధ్రం, దాని నుంచి కిందికి విచ్చుకున్న గీతలు. ఎవరు చెక్కారో ఎవరికీ తెల్వదు. తెల్వనిదాన్ని ఊరికే వదిలే జాతి కాదు మనది. పిల్లలు లేని ఆడది ఆ రంధ్రంలో పసుపుముద్ద పెట్టాలి. పొద్దుగూకే దాకా నిలిస్తే కడుపు పండుతుంది, రాలితే లేదు.

రెండువేల నాలుగో, ఐదో. శివరాత్రి వెళ్ళిన ఎండల్లో మా అత్త నా యారాలితో, అంటే మా మరిది భార్యతో, పసుపు పెట్టించింది. మధ్యాహ్నానికే ముద్ద ఎండి, పగిలి రాలింది.

"ఇగ పిలగానికి ఇంకో పిల్లను చూస్త," అంది అత్త, రాలిన పసుపును కాలితో పక్కకు నెట్టి.

యారాలు ఆ కాళ్ళే పట్టుకుంది. "అత్తమ్మా, శ్రావణంల ఇంకొక్కసారి పెట్టనియ్యి. వదినెకు గప్పుడే నిలిచె గద."

మా ఆడబిడ్డకు పెట్టించింది శ్రావణం ముసురులోనే. "సూద్దాం తీ," అని గొణిగింది అత్త.

నేను ఊరుకుంటానా? డిగ్రీ దాకా చదివిన నోరు. మర్నాడు ఇంటిల్లిపాదినీ గుడికి లాక్కుపోయి ఆ రంధ్రంలో వేపపుల్ల గుచ్చాను. నీడ ఒక్కో గీత దాటుకుంటూ, పొద్దు నెత్తికొచ్చేసరికి నిలువు గీత మీద నిలబడింది.

"ఇది నీడ గడియారం అత్తమ్మా. ఇప్పుడు ఈ గోడకు పొద్దంత ఎండ, ఎవ్వరు పెట్టినా రాలుతది. శ్రావణంల పొద్దు నడినెత్తి మీద, పైంగ ముసురు, ఎండ ఇటు తగలదు. బిడ్డకు అప్పుడు పెట్టిస్తివి, కోడలికి ఇప్పుడు పెట్టిస్తివి. నీకు తెల్వదా?"

మరిది చేతి గడియారం చూసుకుని తల ఊపాడు. అత్త నవ్వింది.

"చదువుకున్నదానివి, నీ మాటే నిజం. గడియారానికి పసుపు పెట్టుడేంది, శ్రావణం దాక ఆగుడేంది? ఉగాది ఎల్లంగనే లగ్గం చేద్దాం."

"ఎట్లెట్ల? రాలింది కూడ లెక్కలకు రాదు గద!"

"రాలిందని కాదే. ఇన్నేండ్లాయె, నాకు కండ్లు లేవా?"

దారిలో యారాలు నా పక్కకు వచ్చింది. "గెలిచినవా అక్కా? శ్రావణం దాకనన్న ఆగుతుండె."

"అబద్ధం పట్టుకొని ఎన్నాళ్ళు ఏలాడుతవే?" అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

లగ్గానికి పసుపు దంచే రోకలి అత్త ఆమె చేతికే ఇచ్చింది. "ముత్తైదువ్వే గద, దంచనీ."

దంచింది. మెత్తగా కాలేదని మళ్ళీ దంచమంది అత్త.