వార్త, చిత్రం, ఇంకా చదవండి

నరసరావుపేటలో మేడమీద గది. మనిషిని నేనొక్కణ్ణే. పని కూడా ఒంటరి పనే. హైదరాబాద్ కంపెనీ వాళ్లు వెబ్‌సైట్ల చిరునామాలు పంపిస్తారు. చూపు లేనివాళ్లు, చెయ్యి ఆడనివాళ్లు వాటిని వాడుకోగలరా లేదా అని పరీక్షించాలి. పరీక్షించేది నేను కాదు, ఒక టూల్. చిరునామా వేసి నొక్కితే పేజీ అంతా స్కాన్ చేసి, తప్పున్న చోటల్లా ఎర్రచుక్క పెడుతుంది. తప్పు లేకపోతే పచ్చటి సున్నా. రోజంతా మా ఇద్దరి మధ్య ఉండే మాటలివే. ఒకసారి దాన్ని తిడితే అలిగి భోజనం వేళ దాకా తెర మీదికి రాలేదని టీ కొట్టు దగ్గర చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

నమ్మకపోయినా వినే మనిషి ఒకడుండేవాడు, కింది వాటాలో మామ. వరసకు కాదు, పిలుపుకు. పిడుగురాళ్ల సున్నం బట్టీల లారీలకు ఇంజన్లు విప్పి బిగించిన మెకానిక్. షుగర్ కళ్ల మీదికి వచ్చి చూపు పోయాక కూతురి దగ్గరికి వచ్చేశాడు. ఆమె పనికి వెళ్లగానే గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చి నా ఎదుట కూర్చునేవాడు. నేను పేపరు చదివి వినిపించాలి.

"ఏంది అల్లుడూ, ఇయాల విశేషం?"

"విజయపురి సౌత్‌లో మొసలి బస్సెక్కింది మామా. కండక్టర్ దిగమంటే టికెట్ చూపించింది."

"యాడికంట?"

"మాచర్లకి. దాని చెల్లెల్ని అక్కడిచ్చారు."

"సీటు దొరికిందా?"

"అందరూ లేచి నిలబడితే దొరక్కేం!"

"తోబా తోబా! నీ నోట నిజం పుట్టదేందిరా? ఇప్పుడు పేపర్లో ఉంది చదువు."

చదివేవాణ్ణి. మధ్యలో మళ్లీ ఏదో కలిపేవాణ్ణి. ఆయన పట్టుకునేవాడు. గంట గడిచినా మొదటి పేజీ దాటేవాళ్లం కాదు.

ఒకసారి కంపెనీ వాళ్లు చిన్న వార్తల సైటు పంపారు. అన్నీ మన పల్నాడు కబుర్లే. టూల్ నొక్కాను. పచ్చటి సున్నా వచ్చింది. ఆ మాట మామ చెవిన వేశాను. తెర మీద వేలు జరిపితే చదివి వినిపించేలా కూతురు ఆయన ఫోన్‌ను అప్పుడే సిద్ధం చేసిపెట్టింది.

మర్నాడు మామ మండిపడుతూ వచ్చాడు.

"బాగుందన్నావు, ఇదేంది? పొద్దున్నుంచి వార్త, చిత్రం, ఇంకా చదవండి. వార్త, చిత్రం, ఇంకా చదవండి. ఏం వార్తో చెప్పదే!"

ఫోన్ తీసుకుని చూశాను. సైటు వాళ్లు అందానికి పోయి ప్రతి శీర్షికనూ నీడలు, మెరుపులు ఉన్న అక్షరాలతో బొమ్మగా చేసి అతికించారు. అందులో ఏం రాసి ఉందో చూడలేనివాళ్లకు వినిపించడానికి బొమ్మ వెనక మాటల్లో రాయాలి. వీళ్లు అన్నిటికీ 'వార్త' అని రాసి చేతులు దులుపుకున్నారు. ఫోన్ ఆ మాట చదివి, అది బొమ్మ కనక 'చిత్రం' అని చెప్పి, కింద మీట మీదున్న 'ఇంకా చదవండి'కి పోతోంది. టూల్‌కు అక్కడ ఏదో ఒక మాట ఉంటే చాలు. ఉంది కాబట్టి సున్నా.

"ఫోన్ కొత్తది కదా మామా, అలవాటవ్వాలి" అన్నాను. సున్నాతో రిపోర్టు పంపేస్తే అడిగేవాడు లేడు. మామ మెట్లెక్కుతూనే ఉంటాడు.

"పోన్లే, నువ్వున్నావుగా. మా అమ్మాయి పొద్దున బోతే పొద్దుగూకినాక వస్తది. నీ కాడ ఒక గంట. మిగతా పొద్దంతా ఫ్యాన్ చప్పుడు ఇంటా కూసుంటన్నా. ఇదన్నా మాట్టాడుద్దని చానా ఆశపడ్డా."

ఫ్యాన్ చప్పుడు సంగతి నాకు వేరే చెప్పాలా!

తప్పుందని రాసి పంపాను. కంపెనీ కుర్రాడు వెంటనే ఫోన్ చేశాడు.

"టూల్ సున్నా చూపిస్తోంది కదండీ. మీకేం పోయింది?"

"నాకేం పోతుందో నీకు చెప్పినా అర్థం కాదు బాబూ."

"అయితే ఆ మాటలేవో మీరే రాసివ్వండి."

కూర్చుని ఒక్కో బొమ్మ వెనకా అందులో ఉన్నది ఉన్నట్టు రాశాను. 'పెదకూరపాడులో తడిసిన మిర్చి' అన్న చోట, ఘాటుకు మబ్బులు తుమ్మాయని కలపబోయి వేలు వెనక్కి తీసుకున్నాను. ఇక నుంచి కొత్త వార్తలకూ అలాగే రాయాలని సైటు వాళ్లకు చెప్పించాను.

సైటు మారిన రోజు పొద్దున్నే కింది నుంచి కేక వినిపించింది.

"అల్లుడూ! ఇయాల మెట్లెక్కట్లా. మొత్తం ఇనేశా!"

"మంచిది మామా!"

పేపరు తెరిచాను. లోలోపల చదువుకుంటే అది ఇట్టే అయిపోయింది. తర్వాతి రోజుల్లోనూ అంతే. మధ్యలో ఏదైనా కల్పిద్దామన్నా, ఏది కల్పించానో నాకు ముందే తెలిసిపోతోంది.

కొన్నాళ్లకు ఆగలేక నేనే మెట్లు దిగాను. మామ మంచం మీద కూర్చుని ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. అడుగుల చప్పుడుకు తల తిప్పాడు.

"ఎవురు, అల్లుడా?"

"నేనే మామా. ఒక సంగతి జరిగింది..."

చెయ్యెత్తాడు. "ఆగాగు, మధ్యలో ఉంది."

ఫోన్‌లో గొంతు పరుగులు పెడుతోంది, అలవాటయ్యాక మామే వేగం పెంచుకున్నట్టున్నాడు. అంత వేగంలో నాకు ఒక్క ముక్కా అందలేదు. మామ మాత్రం తలాడిస్తూ వింటున్నాడు. గడప మీద కూర్చున్నాను. ఆ వార్త అయిపోయింది. ఆయన వేలు జరిపాడు. ఇంకోటి మొదలైంది.