వెళ్ళైసామి నాయకర్ తలుపులు

వెళ్ళైసామి నాయకర్‌కు తలుపుల పిచ్చి. ఈ ఒక్క ముక్క చెబితే చాలు, కోవిల్‌పట్టిలో ఎవరైనా నవ్వుతూ ఆయన ఇంటిదాకా తీసుకుపోయేవారు. లోకంలో కొందరికి కోడిపందేల పిచ్చి, కొందరికి నాటకాల పిచ్చి. ఈయన మాత్రం ఎక్కడో పాత ఇల్లు పడగొడుతున్నారని వింటే చేతిలో ముద్ద వదిలేసి పరుగెత్తేవాడు.

మిరపకాయల బండ్లతో విరుదునగరం పోయిన మగవాళ్ళు తిరిగి వచ్చేటప్పుడు పెళ్ళానికి చీరో, పిల్లలకు బొమ్మో తెచ్చేవారు. నాయకర్ తలుపు తెచ్చేవాడు. ఖాళీ బండిలో దాని మీదే కాళ్ళు చాపుకుని పడుకుని వచ్చేవాడు. ఆ ఊరి పేరు మారి ఏళ్ళయినా ఆయనకది విరుదుపట్టే.

"విరుదుపట్టి నుంచి ఏమి తెచ్చితివి?" అని అడిగేది ఆయన భార్య పంచవర్ణం అత్త.

"టేకుది! తట్టి చూడు, ఎంత గెట్టిగా ఉండాదో!"

"దీన్ని నేను కట్టుకునేదా, ఉడకబెట్టేదా?"

ఉన్నవి రెండు గదులు. వంటింటికి ముందొక తలుపు, వెనకొక తలుపు. మేకల దొడ్డికి పువ్వులు చెక్కిన జంట తలుపులు. ఒక తలుపైతే తీస్తే ఎదురుగా గోడే ఉండేది.

"ఇది ఎక్కడికి పోయే తలుపు మామా?" అన్నాను ఒకసారి.

"ఇప్పటికి ఎక్కడికీ పోదు అల్లుడా. దానికేమి తొందర?"

వాళ్ళ పక్కిల్లే మాది. నేను పనికి వేరుశనగ మిఠాయి అంగడికి పోయిన పూట చూసి, మా రెండిళ్ళ నడిమి గోడకు కూడా ఒక తలుపు బిగించేశాడు. సాయంకాలం వచ్చి చూద్దును కదా, మా ఆవిడా పంచవర్ణం అత్తా ఆ గడప మీదే కూర్చుని కబుర్లాడుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆవిడకు మాత్రం పండగే అయింది.

ఒట్టపిడారం నుంచి వచ్చిన ఆయన వియ్యంకుడు భోంచేసి, "పోయి వస్తాను" అని లేచాడు. తీసిన మొదటి తలుపు వంటింట్లోకి, రెండోది మేకల్లోకి, మూడోది మా ఇంట్లోకి.

"ఇది ఎవరి ఇల్లు?" అన్నాడు బిక్కమొహం వేసుకుని.

"మాది."

"మరి వీధి యాడ?"

పాపమనిపించి మజ్జిగ ఇచ్చి వీధి చూపించాను.

పరామర్శకు పోయినా అదే వరస. మూక్కన్ వాళ్ళ తాత పోయినప్పుడు అందరూ గొల్లుమని ఏడుస్తుంటే ఈయన వాకిట్లో తలుపు తీస్తూ, వేస్తూ నిలబడ్డాడు. చివరికి మూక్కన్‌ను పక్కకు పిలిచి, "కీలు మీకన్నా ఎక్కువగా ఏడుస్తా ఉండాది. కొంచెం ఆముదం తెస్తావా?" అన్నాడు. మూక్కన్ తెచ్చాడు కూడా.

ఇక మా పేట సంగతి. పత్తిలోంచి గింజలు తీసే ఫ్యాక్టరీ వెనక ఉండేది. వానలు మొహం చాటేసిన ఏళ్ళలో నల్లరేగడి ఊళ్ళు వదిలి వచ్చినవాళ్ళంతా అక్కడ చేరారు. మగవాళ్ళు దూది బేళ్ళు మోసేవారు, ఆడవాళ్ళు అగ్గిపెట్టెలు అతికించేవారు. గోడలు మట్టివి. ఎండకు నెర్రెలు విచ్చేవి, వానకు కరిగేవి. తలుపు ఉండాల్సిన చోట ఫ్యాక్టరీవాళ్ళు పారేసిన గోనెపట్టా వేలాడేది. తమిళంలో గోనెను సాక్కు అంటారు కాబట్టి ఊరంతా మమ్మల్ని సాక్కుపేటవాళ్ళు అనేది. మాకు ఆ పేరంటే మంట. అయినా అగ్గిపెట్టెలవాళ్ళం మంటకు అలవాటుపడినవాళ్ళమే.

ఆ స్థలం ఫ్యాక్టరీ యజమానిది, మా మాటలో ముదలాళిది. ఉన్నట్టుండి ఆయనకు పేటను బాగుచేయాలని బుద్ధి పుట్టింది. గుడిసెలన్నీ తీసేసి, వంకర సందులను తిన్నని వీధి చేసి, వరసగా పెంకుటిళ్ళు కట్టిస్తానన్నాడు. మేము ఎగిరి గంతేశాము. వెనకే వచ్చింది మెలిక. తలుపు ఉన్నదే ఇల్లు, దానికే కొత్త ఇల్లు. గోనెపట్టా వేలాడేవి డేరాలట. వాటిలో ఉండేవాళ్ళు ఎక్కడికైనా పోవచ్చునట. మంగళవారం ఓవర్‌సియర్ వచ్చి చూసుకుంటాడని చాటింపు వేశారు.

మా వీధివాళ్ళం అప్పటికి ఎలాగో తలుపులు పెట్టుకున్నాం. వెనక వరసంతా ఇంకా అలాంటి డేరాలే. గోవిందమ్మాళ్‌కు మొగుడు లేడు. పట్టమ్మాళ్ మొగుడికి దూది నుసితో దగ్గు. ముత్తులక్ష్మికి నెలలు నిండుతున్నాయి. నల్లరేగడిలో గింజ మొలకెత్తని ఊళ్ళకు వాళ్ళెలా తిరిగిపోతారు? ఆ సాయంకాలం ఒక్క పొయ్యీ వెలగలేదు.

మర్నాడు పొద్దున్నే మా గోడలో తలుపు ఊడుతున్న చప్పుడైంది. వెళ్ళి చూస్తే నాయకర్ గునపంతో చెమటలు కక్కుతున్నాడు. అప్పటికే మేకల తలుపులు, వంటింటి తలుపులు గడపలతో సహా వీధిలో వరసగా పడుకున్నాయి.

"ఏమిటికి మామా ఇది?"

"గోవిందమ్మాళ్ ఇంటికి. ఆ కొస పట్టుకో. సుమ్మా ఊరికే నిలుచుకోవద్దు."

తలుపులన్నీ అయిపోయాయి, ఇంకా ఒక గుడిసె మిగిలింది. అది ముత్తులక్ష్మిది. నాయకర్ తన వీధి తలుపుకేసి చూశాడు. "అత్తా, నువ్వైనా చెప్పు! మీ ఇల్లు పోతుంది!" అని అరిచాను.

పంచవర్ణం అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. "నాగలాపురం నుంచి వచ్చినప్పుడు మాకూ సాక్కే కదా. నేను నీళ్ళు పోసుకునేటప్పుడు ఈయన అటు తిరిగి ఆ సాక్కును చేత్తో పట్టుకుని నిలబడేవాడు. ఒకనాడు గాడిద దూరింది. నేను ఏడ్చినా. తలుపు తెస్తానులే అన్నాడు. తెచ్చినాడు. ఇంక నిలుపలేదు, ఏమి జేసేది!" అని, మళ్ళీ ఆయన వైపు తిరిగి, "తలుపు తీసుకుపో. గడప మీద చెయ్యి వేస్తే మాత్రం ఊరుకోను" అంది.

ఇన్నాళ్ళూ ఈయన్ని చూసి పళ్ళికిలించిన నాకు ఆ క్షణంలో ఆయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు. తలుపు కొస నా చేతిలో ఉంది.

మంగళవారం ఓవర్‌సియర్ దామోదరసామి గొడుగు వేసుకుని వచ్చాడు. ఆయనా మాలాగే ఇంట్లో తెలుగే మాట్లాడే మనిషి. గోవిందమ్మాళ్ గుడిసె కన్నా దాని తలుపు ఎత్తుగా ఉంది. ఆయన గొళ్ళెం పట్టుకుని లాగాడు. తలుపు మొత్తంగా ఆయన చేతుల్లోకి వచ్చేసింది.

"మెల్లంగా సామీ! అది మా ఇంటి తలుపు!" అంది గోవిందమ్మాళ్.

దాన్ని గోడకు ఆనించి పక్క గుడిసెకు పోయాడు. గడప ముట్టుకుంటే వేళ్ళకు పచ్చగా పసుపు అంటుకుంది. ఆ పక్కదీ తడే. వరసంతా తడే.

"ఏమమ్మా, ఈ పొద్దు ఏమి పండగ?"

"పండగ ఏమీ లేదు సామీ," అంది పట్టమ్మాళ్ అమాయకంగా. "కొత్త గడపను పసుపు పుయ్యకుండా ఎట్లా తొక్కేది?"

వీధంతా తల బాదుకుంది. ఎంత తొందరలో ఉన్నా, గడప పెట్టగానే పసుపు పూసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టనిదే మా ఆడవాళ్ళు అడుగు వెయ్యరు. దొంగతనంగా తలుపులు పెట్టినా సరే, శాస్త్రం జరగాల్సిందే.

ఓవర్‌సియర్ పసుపు వేళ్ళను గొడుగు కర్రకు తుడుచుకున్నాడు. నడుస్తూ నాయకర్ ఇంటి ముందుకొచ్చాడు. అన్నివైపులా బొక్కలు.

"ఈ ఇంటికి తలుపు యాడ?"

"గాలికని తీసేసినాను," అన్నాడు నాయకర్.

"పేటంతా తలుపులు. తలుపు లేనిది ఇదొక్కటే. నాకిచ్చిన ఉత్తరువు ప్రకారం ఇది ఇల్లు కాదు."

ఆ మాట వెనక వరసకు చేరేసరికి ఏమైందో చూడండి! తలుపులు నడిచి వచ్చాయి. గోవిందమ్మాళ్ నెత్తిన ఒకటి, పట్టమ్మాళ్ దంపతుల మధ్య ఒకటి. నిండు చూలాలు ముత్తులక్ష్మి కూడా ఒక రెక్క ఈడ్చుకొస్తోంది. "ఇదిగో, ఈ ఇంటి తలుపు! ఇదిగో సామీ!"

"ఆగండి! ఎవరి తలుపు వాండ్లింటికి పోనీ! నేనేమీ చూడలేదు!" అని గొడుగు అడ్డం పెట్టాడు దామోదరసామి. తరువాత నాయకర్ వాకిట్లో వంగి గడపను గోటితో గీకి చూశాడు. ఏళ్ళ తరబడి పూసిన పసుపు అట్ట కట్టి ఉంది.

"గడప ఉండాదే," అన్నాడు మెల్లగా. "గడప ఉండే ఇంటికి తలుపు ఉండినట్టే. రాసుకుంటా పో," అని వెంట వచ్చిన గుమాస్తాతో అన్నాడు.

ఏడాది తిరగకుండా వరసగా పెంకుటిళ్ళు లేచాయి. అన్నిటికీ ఒకే రకం కొత్త తలుపులు. కీళ్ళు ఏడవవు, ఆముదం అక్కరలేదు. నాయకర్‌కు పొద్దుపోక అన్నం సయించలేదు. పాత తలుపులన్నీ ఆడవాళ్ళు తెచ్చి ఆయన వాకిట్లోనే పేర్చిపోయారు. రెండు రోజులు ఆయన తన ఇంట్లోకి మా పెరటి మీదుగా పోవలసి వచ్చింది.

ఆ వేసవిలో ఫ్యాక్టరీ గోడ అవతల మరికొన్ని కుటుంబాలు మూటలతో దిగాయి. పొద్దుటికల్లా వాళ్ళు గోనెపట్టాలు వేలాడదీశారు. నాయకర్ మొహం వెలిగిపోయింది. పేర్చిన తలుపుల్లోంచి పెద్దది ఒకటి లాగి, నెత్తికెత్తుకుని బయల్దేరాడు.

"ఆగు, ఆగు!" అంటూ పంచవర్ణం అత్త లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. ఆయన్ని ఆపడానికే అనుకున్నాను. ఆమె చేతిలో పసుపు కలిపిన గిన్నె ఉంది.