మా గోడ మీది బంగారు పట్టణం

నిన్న ఫోన్‌లోకి వచ్చిన ఓ ఫోటో చూసి కుర్చీలోంచి లేచి కేక పెట్టాను. “ఇది మా పరలోకం!”

మాంచెస్టర్ దగ్గర ఏదో ఊళ్ళో పాత బట్టల మిల్లట. ఎర్ర ఇటుకలు, వరసల కొద్దీ కిటికీలు, ఆకాశంలోకి పొగగొట్టం. అచ్చం ఇదే బొమ్మ! యాభైల్లో యానాంలో మా ఇంటి గోడ మీద ఉండేది. సీమ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి వచ్చే లాంక్లాతు బట్ట తాను మీద అంటించి ఉండే రంగుల చీటీ, గుర్తుందా మీకు? ఆ బంగారు అంచు, ఆ కొత్త గుడ్డ గంజి వాసన!

మామ్మ దాన్ని అన్నం మెతుకులతో గోడకి అంటించి, పాస్టరుగారు చెప్పే పరలోకపు బంగారు పట్టణం అదేనని నమ్మింది. మగ్గం మీద నేసి నేసి పోయిన మా తాత పైవరస కిటికీలో ఉన్నాడనేది. మిగతా కిటికీల కోసం మేం పిల్లలం కొట్టుకునేవాళ్ళం.

ఓ మధ్యాహ్నం భోజనాల దగ్గర, బళ్ళో మాస్టారైన మా చిన్నాన్న పకపకా నవ్వాడు.

“పరలోకమేంటమ్మా! అది సీమలో బట్టల మిల్లు. నువ్వు మేఘాలనుకునేది బొగ్గు పొగ. నాన్న మగ్గం మూలపడింది ఇలాంటి మిల్లు బట్ట వల్లే.”

మామ్మ తలెత్తి గోడ వంక చూసింది. చీటీ చింపేస్తుందేమోనని మేం భయపడ్డాం.

“ఇప్పుడూ నేస్తన్నారా అక్కడ?” అంది.

“ఎక్కడమ్మా! అయ్యీ ఒక్కోటే మూసేస్తన్నారంట. పేపర్లో రాశారు.”

మామ్మ చీటీ జోలికి పోలేదు. కానీ ఆ రాత్రి నుంచి భోజనం ముందు చేసే ప్రార్థనలో ఓ మాట పెరిగింది.

“ఆ కిటికీల్లో ఉన్నోళ్ళకీ ఇంత కూడు పెట్టు తండ్రీ.”