చావు వద్దన్న క్లాజు

ఎండాకాలంలో ప్లాస్టిక్ కుర్చీ మనిషిని ఒక పట్టాన వదలదు. నాచారంలోని నా వకీలు ఆఫీసులో క్లయింటు లేస్తే కుర్చీ కూడా లేచి కాస్త దూరం సాగనంపేది. 2007లో ఫ్యాను చెడిపోయిన వారం, అలాంటి కుర్చీలో కూర్చుని ఒక ఇంటి ఓనరు తన అగ్రిమెంటులో కొత్త క్లాజు, అంటే అదనపు షరతు, చేర్చమన్నాడు.

ఆయన రిటైరైన గుమాస్తా. కింది వాటాలో యాదగిరి అనే ఫ్యాక్టరీ కార్మికుడు భార్యతో, తల్లితో అద్దెకుండేవాడు. వాళ్ల అగ్రిమెంటు రాసింది నేనే, పదకొండు నెలలకు. ఏడాదికి రాస్తే రిజిస్ట్రేషన్ చేయించాలి కనుక మన నగరంలో అద్దె ఇళ్లకు సంవత్సరం ఎప్పుడూ నిండదు.

"ఏం రాయాలి?" అన్నాను.

"కిరాయి ఇంట్ల ఎవరు సావొద్దని రాయుండ్రి."

పెన్ను మూత పెట్టాను. "సంతకం ఎవరిది? యముడిదా?"

"నవ్వులాట కాదు సార్. యాదగిరి తల్లికి ఇగ లాభం లేదన్నరట దవాఖానల. ఇంటికి తోలుకొస్తున్నరు. ఇంట్లనే పోతే మైల. ఆర్నెల్లు ఇల్లు పాడువెట్టాలె. తర్వాత ఎవడొస్తడు కిరాయికి? అందుకే గేటుకు తాళమేసొచ్చిన."

గొడుగు మరిచిపోయి వచ్చానన్నంత తేలిగ్గా అన్నాడు ఆ చివరి మాట.

ఆయన్ని నా స్కూటరెక్కించుకుని వెళ్లాను. గేటు ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. అందులో ముసలామె కోడలి ఒళ్లో తల పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఆమె మొహం మీద ఎండ పడకుండా యాదగిరి తువ్వాలు అడ్డం పట్టుకుని నిలబడ్డాడు.

"సార్, మీరు రాసిన కాయితంల గిట్లుందా?"

"లేదు," అని ఓనరు వైపు తిరిగాను. "ఇల్లు మీదే. పొజెషన్, అంటే అందులో ఉండే హక్కు, ఇతనిది. కోర్టు ఆర్డరు లేకుండా బయట నిలబెట్టడం కుదరదు. పోలీసులకు ఫిర్యాదు నేనే రాస్తాను. నా దస్తూరి బాగుంటుంది."

"చట్టం మంచిదే సార్. మరి రేపు ఆ ఇంట్ల చట్టం పండుకుంటదా?" అన్నాడు ఓనరు.

ఉప్పల్ గల్లీల్లో నేను చాలాసార్లు చూశాను. అద్దెకున్నవాళ్లు తమ మనిషిని ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి తీసుకెళ్లడం, లేదంటే రోడ్డు మీద టెంటు కింద పడుకోబెట్టి ఏడవడం. దీనికి ఆచారమని పేరు. నెలనెలా ఒకటో తారీఖున ఓనరుకు ఆత్మబంధువైన మనిషి, పోయే రోజు మాత్రం మైల. మర్యాదస్థుల వీధులే అన్నీ.

పోలీసుల మాట ఎత్తాక తాళం తెరుచుకుంది. చట్టం చేతనైనంత చేసింది. గేటు తీయించింది, ఆ గేటుకు అడ్డంగా నిలబడ్డ మనిషిని జరిపించే సెక్షన్ మాత్రం నాకు ఇప్పటికీ దొరకలేదు.

యాదగిరి తల్లిని రెండు చేతులా ఎత్తుకుని వస్తుంటే ఓనరు దగ్గరగా వంగి, ఎంతో దయగా చెప్పాడు.

"ఆఖరి గడియల జర గేటు బయట పండవెట్టు బిడ్డా. నీకు పుణ్యముంటది."

ముసలామె కళ్లు తెరిచింది. ఆయన నెరిసిన జుట్టు వైపు చూసింది.

"నువ్వు ఏడ సద్దామనుకుంటున్నవయ్యా?"